తునికాకు లారీలో పుట్టింటికి

మా కోడలు లావణ్య ఈ వేసవిలో పుట్టింటికి పోవడం లేదు. ఈ మాట రాస్తుంటేనే నాకు ఒళ్లు మండుతోంది. పిల్లల పరీక్షలు ఎప్పుడు అయిపోతాయో తెలిసిన రోజునుంచీ ఆమె తీరిక దొరికినప్పుడల్లా ఫోను పట్టుకుని కూర్చుంది. వాళ్ల ఊరు శ్రీకాళహస్తి పక్కన. మేముండేది ఖమ్మంలో. మామూలు రోజుల్లో అయితే రాత్రి ఎక్కి పొద్దున దిగే ప్రయాణం, అందులో పెద్ద విశేషమేమీ లేదు. కానీ బడులు మూసెయ్యగానే రెండు రాష్ట్రాల జనం పిల్లాజెల్లాతో తిరుపతి కొండకు బయలుదేరతారు. ఆ దారిలో పోయే రైళ్లన్నిటికీ వెయిటింగ్ లిస్టు చాంతాడంత. ఇక మిగిలినవి ప్రైవేటు బస్సులు. మొన్న చలికాలంలో ఆమె తమ్ముడు ఎక్కి వచ్చిన బస్సే ఇప్పుడు రెండింతలకు పైగా అడుగుతోంది. అదే బస్సు, అదే డ్రైవరు, కిటికీకి అదే చిరిగిన కర్టెను, ముక్కిన వాసన కొట్టే అదే దుప్పటి. మారిందల్లా మా మనవడికీ మనవరాలికీ బడి లేకపోవడం. పొద్దున చూస్తే ఒక ధర, అన్నం వండి వచ్చి చూస్తే ఇంకో ధర. కూరగాయలమ్మే ఆమె అట్లా చేస్తే బజారంతా కలిసి దులిపేస్తాం. ఫోనును ఏమనాలో ఎవరికీ తెలియదు.

మా అబ్బాయి శ్రీకాంత్ గ్రానైటు ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తాడు. వాడు చెడ్డవాడు కాదు, లెక్కల మనిషి. "ఆ పైసలతోటి మామూలు రోజుల్ల రెండుసార్లు పోయి రావచ్చమ్మా," అన్నాడు. "మామూలు రోజుల్ల బడోళ్లు పోనిస్తరా?" అన్నాను. పోనివ్వరు. నాలుగు రోజులు ముందుగా తీసుకుపోతామని అడిగితే, హాజరు పట్టీ గురించి ఒక పెద్ద ఉపన్యాసం మెసేజిగా పంపారు. నా పెన్షన్ ఇస్తానంటే ఇద్దరూ ఒకేసారి వద్దన్నారు, ఆ విషయంలో మాత్రం మొగుడూ పెళ్లాలు ఒక్కటే. లావణ్య చివరికి ఫోను బల్లమీద బోర్లించి, ఏమీ అనకుండా లేచి వెళ్లి కందిపప్పు కడగడం మొదలుపెట్టింది. అరిచినా బాగుండేది. నాలుగు గిన్నెలు ఎత్తెత్తి వేసినా బాగుండేది. మా అమ్మ కూడా ఇట్లాగే ఏమీ అనేది కాదు.

నా బతుకంతా బడి సెలవులకు కట్టేసిన బతుకు. చదువుకున్నన్నాళ్లూ సెలవుల్లోనే ప్రయాణం, తరవాత పంతులమ్మనై చదువు చెప్పినన్నాళ్లూ సెలవుల్లోనే ప్రయాణం, ఇప్పుడు మనవల వంతు. జనం లేని రోజున రైలెక్కి కిటికీ పక్కన కాళ్లు చాపుకుని కూర్చునే సుఖం ఎట్లా ఉంటుందో రిటైరయ్యాక గాని నాకు తెలియలేదు. అందరినీ ఒకేసారి వదిలి, అందరినీ ఒకేసారి రమ్మనే ఈ పద్ధతి వల్ల బాగుపడింది బస్సులవాళ్లు తప్ప ఇంకెవరూ నాకు కనబడలేదు. అయితే మా అమ్మ సంగతి వేరు. ఆమెను ఆపింది టికెట్టు ఒక్కటే కాదు. అంతకంటే ముందు గడపలో మా నానమ్మ కూర్చుని ఉండేది.

మా ఇల్లు అప్పుడు బోనకల్‌లో ఉండేది. రైలు స్టేషనుకు దగ్గరే కాబట్టి, ఏ బండి ఎప్పుడు పోతుందో ఇంట్లో ఆడవాళ్లందరికీ కూత విని తెలుసు, ఎక్కింది మాత్రం తక్కువ. ఎండాకాలం వచ్చిందంటే ఇంటినిండా పనే. మిరపకాయలు అమ్ముడై పోయినా వాటి ఘాటు వసారాలో గోడలకు పట్టి ఉండేది, పొద్దున్నే ఊడుస్తుంటే తుమ్ములు. ఒక మూల చింతపండు కుప్ప. దాని ముందు అమ్మ, చిన్న సుత్తి పట్టుకుని గింజలు తీస్తూ. ఇంకో మూల కందులు, వాటికి ఎర్రమట్టి పట్టించి ఆరబెట్టి, తిరగలిలో పోసి పప్పు విసరాలి. మధ్యలో ఆవకాయ. వీటన్నిటికీ కాపలాగా గడపలో నానమ్మ, చుట్ట ముట్టించుకుని. పొడవాటి మనిషి, వెంట్రుకలు తెల్లబడినా నడుము వంగలేదు. ఆమె చుట్ట పొగ, మామిడికాయ టెంక కోసిన వగరు వాసన, కొత్త చింతపండు పులుపు కలిసి వచ్చే వాసనే నాకు వేసవి సెలవులంటే. చుట్ట నోట్లో ఉన్నంతసేపు ఆమె మాట్లాడేది కాదు. చుట్ట నోట్లోంచి తీసిందంటే ఎవరికో మూడిందన్నమాట.

మా వైపు అప్పట్లో ఒక ఆచారం గట్టిగా ఉండేది. పెళ్లయిన ఆడపిల్ల పుట్టింటికి తనంతట తాను పోకూడదు. పుట్టింటివాళ్లు, అన్నో తమ్ముడో, వచ్చి పిలిచి తోలుకుపోవాలి. మళ్లీ వాళ్లే తెచ్చి దింపాలి. అంటే ఒక ఆడమనిషి ఒకసారి పుట్టింటికి పోయి రావాలంటే అవతల ఒక మగమనిషి నాలుగు ప్రయాణాలు చెయ్యాలి, రావడం, తీసుకుపోవడం, దింపడం, తిరిగిపోవడం. దూరం ఉన్నవాళ్లకు ఆ టికెట్లకే తలప్రాణం తోకకు వచ్చేది. పోనీ మా నాన్న దింపి రావచ్చు కదా అంటే, నానమ్మ చుట్ట తీసేది. "మొగోడు పోయి పెండ్లాన్ని అత్తగారింట్ల దింపొస్తే మనింట్ల గింజల్లేవనుకుంటరు," అనేది. నాన్న మంచివాడే, కానీ వాళ్లమ్మ ముందు ఆయనకు నోరు పెగిలేది కాదు. ఈ మాట ఇప్పుడు ఎవరైనా అంటే నేను ఊరుకోను గాని, అప్పుడు అది గాలి, నీళ్లలాగా ఇంట్లో ఉన్న మాట.

అమ్మ పుట్టిల్లు భద్రాచలం దాటి చర్ల పోయే దారిలో, గోదావరి ఒడ్డున. మా తాత కృష్ణా జిల్లా నుంచి వచ్చి అక్కడ అడవి కొట్టి పొలం చేసుకున్నవాడు, నేను పుట్టకముందే పోయాడు. అమ్మకు ఒక్కడే తమ్ముడు, మా మామయ్య. ఆ ఒక్క తమ్ముడూ తునికాకు కాంట్రాక్టరు దగ్గర ఆకు ఎండబెట్టే కల్లం మీద గుమాస్తా. బీడీలు చుట్టే ఆ ఆకు కోసేది సరిగ్గా ఎండాకాలంలోనే. బడులకు సెలవులు ఇచ్చిన రోజుల్లోనే అడవిలో ఆకు సీజను మొదలవుతుంది, తొలకరి పడేదాకా ఆయన కల్లం వదిలి కదలడానికి లేదు. వాన పడి ఆయనకు తీరిక దొరికేసరికి మాకు బడి తెరిచేవాళ్లు. పిల్లలను వదిలి అమ్మ పోలేకపోయేది. ఒకసారి పోయి చూసింది, వెళ్లినన్నాళ్లూ ఏడ్చి తిరిగొచ్చింది. దసరాకు పోదామంటే వాగులు పొంగి చర్ల దారి తెగిపోయేది. సంక్రాంతికేమో ఇంట్లో మిరప కోతలు. తమ్ముడికి తీరినప్పుడు పిల్లలకు తీరదు, పిల్లలకు తీరినప్పుడు తమ్ముడికి తీరదు. ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలియక అమ్మ చింతగింజల మీద తెచ్చుకునేది. ఆ సుత్తి దెబ్బలు నాకు ఇప్పటికీ గుర్తు.

అట్లా వరసగా రెండు వేసవులు పోయాయి. ఈలోగా ఇంకో చిక్కు వచ్చిపడింది. మా తమ్ముడు బుజ్జికి పుట్టెంట్రుకలు తీయించాలి. అవి మేనమామ ఒడిలో కూర్చోబెట్టి తీయించాలి, అదీ భద్రాద్రి రాముడికి మొక్కుకున్నారు. ఏడాది లోపల తీయించాలనుకుంటే మామయ్య ఆకులో ఉన్నాడు. రెండో ఏట తీయించకూడదన్నారు. ఇక మూడో ఏడు. అది దాటితే ఐదో ఏటిదాకా ఆగాలి. వాడికేమో జుట్టు గుబురుగా పెరిగి కళ్లలో పడుతోంది, చెమటకు నెత్తంతా పొక్కులు. అమ్మ రెండు జడలు వేసి రిబ్బను కట్టేది. బజారుకు తీసుకుపోతే ఆడపిల్ల అనుకుని గాజులవాళ్లు పిలిచేవాళ్లు. వాడు అప్పటికే నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు, మా అమ్మమ్మ మాత్రం వాణ్ని ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు. అమ్మకు ఆ వేసవిలో కావలసింది ఇంతే, వాడు చంకలో పట్టేంత ఉన్నప్పుడే వాణ్ని వాళ్లమ్మ చంకలో పెట్టడం. ట్రంకుపెట్టెలో రెండు చీరలు, మా గౌన్లు సర్దేది. మామయ్య రాడని తెలియగానే మళ్లీ తీసి దండెం మీద వేసేది.

ఆ ఏడు సెలవులిచ్చిన మొదటి వారంలోనే ఒక మధ్యాహ్నం మా ఇంటి ముందు లారీ ఆగింది. అంత పెద్ద బండి మా సందులోకి రావడం ఎవరూ చూడలేదు కాబట్టి వీధి వీధంతా బయటికొచ్చింది. లోపల మూడు వంతులు ఖాళీ గోనెసంచులు. ఆకు నింపడానికి మధిరలో ఎత్తుకుని అడవికి తీసుకుపోతున్నారట. డ్రైవరు దిగి, మెడలో తువ్వాలతో ముఖం తుడుచుకుని నానమ్మ ముందు నిలబడ్డాడు. పేరు యాకూబ్ అన్నాడు.

"సంచులేసుకొని పోతున్న పెద్దమ్మా. కల్లం కాడ సారు జెప్పిండు, అక్కను పిల్లలను ఎక్కించుకొని రమ్మన్నడు. కిరాయి లేదు, ఏం లేదు. సంచుల మీద మెత్తగ కూసోవచ్చు."

నానమ్మ చుట్ట తీసింది. "ఏంది? తమ్ముడు రాలే గని లారీ వచ్చిందా? ఆడపిల్లను తోలుకపోను లారీని పంపిండా వాడు?"

"సారుకు తీరదు పెద్దమ్మా. ఆకు వస్తుంది."

"నువ్వు ఆమెకేమైతవ్?"

యాకూబ్ తువ్వాల మళ్లీ మెడలో వేసుకున్నాడు. "ఈ ఒక్కరోజుకు ఏమనుకుంటే అదైత పెద్దమ్మా. జల్దీ తేల్చుండ్రి, చీకటి గాకముందు పాల్వంచ దాటాలె."

అమ్మ తలుపు వెనక నిలబడి ఉంది. ట్రంకుపెట్టె అప్పటికే ఆమె కాళ్ల దగ్గర ఉంది, ఎప్పుడు సర్దిందో నేను చూడలేదు. నాన్న గుంజను పట్టుకుని నేల చూస్తున్నాడు. నేను, మా అక్క నానమ్మ నోటి వైపే చూస్తున్నాం. నానమ్మ కుదరదంటే ఇక అంతే, ఆ వేసవి కూడా చింతపండు పాలు. అంతలో బుజ్జి రెండు జడలూ ఊపుకుంటూ లారీ చక్రం దగ్గరకు పోయాడు. యాకూబ్ వాణ్ని పక్కకు తీస్తూ, "ఈ పాప గూడ వస్తదా?" అన్నాడు.

"పాప గాదు, మొగపిల్లగాడు," అంది నానమ్మ. "పుట్టెంట్రుకలు తీయియ్యలే ఇంకా. మూడో ఏడు నడుస్తుంది."

"మరెప్పుడు తీపిస్తరు? వానలు పడ్డదాక సారు కదలడు గద. అప్పటికి మూడు నిండవా?"

నిజానికి అది మా అందరికీ తెలిసిన సంగతే, కానీ ఇంట్లోవాళ్లు అంటే ఎదురు చెప్పినట్టు, దారినపోయే మనిషి అంటే మాత్రం లెక్క. నానమ్మ లేచి లోపలికి పోయింది. చాలాసేపు రాలేదు. యాకూబ్ రెండుసార్లు హారను కొట్టాడు. చివరికి చేతిలో బట్టల మూట, చుట్టల డబ్బాతో బయటికొచ్చి, నాన్న వైపు చూసి, "నేను గూడ పోత," అంది. "కోడల్ని అత్తే దింపొచ్చిందంటే ఇంక గింజల మాట ఎవరెత్తుతరో చూస్త." అత్త కోడలిని పుట్టింట్లో దింపి రావడం మా బోనకల్‌లో అప్పటిదాకా ఎవరూ ఎరగరు. వీధిలో ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. నాన్న నోరెళ్లబెట్టి, తరవాత తేరుకుని, ఆమెను ఎక్కించడానికి స్టూలు తెచ్చాడు. క్యాబిన్‌లో కూర్చోమంటే పరాయి మగవాడి పక్కన కూర్చోనంది. మాతోపాటే సంచుల మీద కూర్చుంది.

ఆ ప్రయాణం గురించి ఎప్పుడు చెప్పినా మా పిల్లలు ఎంత బాగుందో అంటారు. బాగుంది నిజమే, కానీ అది సినిమాలో చూపించినట్టు మాత్రం లేదు. గోనె పీచు ఒళ్లంతా గుచ్చుకుని దద్దుర్లు వచ్చాయి. దుమ్ముకు కళ్లు మండాయి. ఖమ్మం దాటకముందే నానమ్మ చుట్ట ముట్టించబోతే యాకూబ్ బండి ఆపి దిగొచ్చి దండం పెట్టాడు. "దిగినంక తాగు పెద్దమ్మా. సంచులంటుకుంటే సేటు నన్ను అంటువెడ్తడు." చుట్ట లేని నానమ్మను మేమెప్పుడూ చూడలేదు. కొత్తగూడెం వచ్చేసరికి ఆమె దారిలో కనబడిన ప్రతిదాన్నీ తిడుతోంది, ఎండను, బొగ్గు పొగను, రోడ్డేసినవాణ్ని, మామయ్యను. అమ్మ మాత్రం అవేమీ వినిపించుకోలేదు. బుజ్జిని ఒళ్లో పెట్టుకుని వెనక్కి పోతున్న చెట్ల వైపు చూస్తూ కూర్చుంది. నేను ఆమె ముఖం చూస్తూ కూర్చున్నాను. మా ఇంట్లో ఆమె అట్లా ఉట్టిచేతులతో కూర్చుని ఉండగా నేను చూడలేదు. ఆ రాత్రికి భద్రాచలంలో సత్రం అరుగు మీద పడుకుని తెల్లవారుతూనే బయలుదేరాం. మొక్కు రాముడికే కాబట్టి అక్కడే గుండు చేయించవచ్చు, కానీ ఒడి ఎవరిది? మేనమామ లేడు. గుడి గోపురానికి కిందినుంచే దండం పెట్టుకుని చర్ల దారి పట్టాం.

కల్లం అంటే అడవి మధ్య చదును చేసిన పెద్ద మైదానం. దానినిండా ఆకు కట్టలు వరసలు వరసలుగా ఎండకు పేర్చి ఉన్నాయి. పచ్చివి ఒక వైపు, ఎండి ఎర్రబడినవి ఇంకో వైపు. ఆ వాసన నేను మాటల్లో సరిగ్గా చెప్పలేను, తడిసిన తేయాకుకూ పొగాకుకూ మధ్యన ఉంటుంది. చీకటితో లేచి అడవిలోకి పోయి ఆకు కోసిన కోయ ఆడవాళ్లు నారతో కట్టిన కట్టలు నెత్తిన పెట్టుకుని బారులు తీరి నిలబడ్డారు. పందిరి కింద మామయ్య. ఎండకు నల్లగా కమిలిపోయి, కట్టలు తిరగేసి చూస్తూ, వాళ్ల మాటలోనే వాళ్లతో మాట్లాడుతున్నాడు. అమ్మను చూసి లేవబోయాడు. లేస్తే వరస ఆగుతుంది, పొద్దున్నుంచి నిలబడినవాళ్లు వాళ్లు. మళ్లీ కూర్చుని, "అక్కా, అక్కడ నీడలో కూర్చో, ఇదిగో వచ్చేస్తున్నా," అన్నాడు. ఆ రావడం పొద్దు వాలేదాకా రాలేదు. రెండేళ్ల తరవాత చూసిన తమ్ముడు పది అడుగుల దూరంలో ఉన్నాడు, మాట్లాడటానికి లేదు. అమ్మ వెళ్లి అతని పక్కన నేలమీద కూర్చుంది. నానమ్మ ఇక ఆగలేక డబ్బాలోంచి చుట్ట తీస్తే కల్లం కాపలాదారు పరుగెత్తుకొచ్చాడు. "బీడీలాకు నడుమ కూసోబెట్టి పొగ తాగొద్దంటరేంది?" అని ఆమె అరిచిన అరుపుకు బారులో ఉన్న ఆడవాళ్లలో తెలుగు రానివాళ్లు కూడా నవ్వారు.

అమ్మమ్మ ఇల్లు అక్కడికి దగ్గరే. కబురందగానే చెప్పులు లేకుండా వచ్చేసింది. పొట్టి మనిషి. బుజ్జిని చంకనెత్తుకుంటే వాడి కాళ్లు ఆమె మోకాళ్లదాకా వేలాడాయి. "ఇంత అయ్యాడా?" అని ఒక్క మాట అని, ఆ తరవాత వియ్యపురాలు వచ్చిందన్న సంగతి గుర్తొచ్చి కంగారుపడి, కాళ్లకు నీళ్లివ్వడానికి అటూ ఇటూ పరుగెత్తింది. వాణ్ని మాత్రం కిందికి దించలేదు.

ఆ రాత్రి అన్నాలయ్యాక పుట్టెంట్రుకల మాట వచ్చింది. భద్రాచలం పోయి రావాలంటే మామయ్యకు ఒక రోజంతా పోతుంది. ఆకు ముదిరిపోతోంది, కాంట్రాక్టరు మనిషి ఎప్పుడు తనిఖీకి వస్తాడో తెలియదు. అమ్మమ్మ నోరెత్తలేదు, ఆడపిల్ల తరపు కాబట్టి. అమ్మ కళ్లు నానమ్మ మీదే ఉన్నాయి. ఇన్ని మైళ్లు వచ్చి, దుమ్ము తిని, మళ్లీ జడలతోనే తిరిగి పోవాలా అన్నది ఆ చూపు. అరుగు మీద తనివితీరా చుట్ట తాగుతున్న నానమ్మ, చుట్ట తీసింది. మేము భయపడ్డాం.

"వదినా, ఇంటి వెనక పారేది గోదారేనా?"

"గోదారే వదినా."

"గుడి ముంగట పారేది?"

"అదీ ఇదే. ఇక్కణ్ణుంచే అక్కడికి పోతుంది."

"అయితే ఇంక భద్రాచలం ఎందుకు? ఎంట్రుకలు ఈడ వదులుతే అవే పోతయ్ ఆయన కాడికి."

దానికి పురోహితుడు ఎవరైనా ఒప్పుకుంటాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగిన పాపాన ఎవరూ పోలేదు. మర్నాడు తెల్లవారుజామున, ఆకు రాకముందే, మామయ్య గోదావరి ఇసుకలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఎండాకాలపు గోదావరి, అక్కడొక పాయ ఇక్కడొక పాయ. బుజ్జి ఒకటే గొంతుతో ఏడ్చాడు. జడలు విప్పకుండానే మంగలి కత్తిరించి నానమ్మ చేతికిచ్చాడు. ఆమె మోకాలిలోతు నీళ్లలోకి దిగి, పారే పాయ ఎక్కడుందో చూసుకుని, వంగి వదిలింది. అవి రాళ్ల దగ్గర కాసేపు తిరిగి, తరవాత కదిలాయి. నానమ్మ అటే చూస్తూ చేతులు జోడించింది. అమ్మ ఏడుస్తూ నవ్వుతూ వాడి గుండుకు పసుపు పట్టించింది. ఆ గంటసేపు అక్కాతమ్ముళ్లు పక్కపక్కన కూర్చుని ఏం మాట్లాడుకున్నారో తెలియదు. పొద్దెక్కుతూనే మామయ్య చొక్కాకు అంటిన వెంట్రుకలు కూడా దులుపుకోకుండా కల్లానికి పరుగెత్తాడు. మేమున్నన్నాళ్లూ ఆయన అక్కతో తీరిగ్గా కూర్చున్నది ఆ గంటే. అది గుర్తొస్తే నాకు ఇప్పుడు కూడా కోపమే వస్తుంది. అన్ని మైళ్లు ఆ గంట కోసమా అనిపిస్తుంది.

తిరుగు ప్రయాణంలో లారీ లేదు. ఉన్నవాటినిండా ఆకు బస్తాలే. బడులు తెరిచే ముందు రోజు కాబట్టి భద్రాచలం బస్టాండులో మాలాగా సెలవులకొచ్చిన కుటుంబాలన్నీ ఒక్కసారే బయలుదేరాయి, సీటు ఆపడానికి బస్సు కిటికీల్లోంచి తువ్వాళ్లు, పిల్లలు లోపల పడుతున్నారు. కొత్తగూడెందాకా నానమ్మ నిలబడే వచ్చింది. ఈసారి ఎవరినీ తిట్టలేదు. ఇంటికొచ్చాక అడిగినవాళ్లందరికీ వియ్యపురాలి చేతి పులుసు గురించి, గోదారి గురించి చెప్పింది. ఆ తరవాత మా ఇంట్లో పిలుపు ఆచారం మెల్లగా సడలింది. "ఎవరు రాకుంటే నేను దింపొస్త," అనేది ఆమె. కానీ టికెట్టు సడలలేదు. ఆ కాంట్రాక్టరు పోయి ఇంకొకడు వచ్చాడు, సంచులు ఇంకెక్కడినుంచో వచ్చేవి. మిరప కలిసొచ్చిన ఏడు అమ్మ పోయేది, కలిసిరాని ఏడు ట్రంకుపెట్టె మూసేది.

ఇదంతా లావణ్యకు చెప్పాను మొన్న. ఆమె నవ్వింది, చుట్ట దగ్గర ఇంకా ఎక్కువ నవ్వింది. ఇప్పుడు ఆమెను ఎవరూ పిలుపుకు రానక్కర్లేదు. ఎవరినీ అడగనక్కర్లేదు. మొగుడు వద్దనలేదు, అత్త గడపలో కూర్చోలేదు. అయినా పోలేకపోతోంది. మా నానమ్మ ఎంత మొండిదైనా మనిషి. ఆమెకు మనవడి గుండు మీద మమకారం ఉంది, ఊరు ఏమంటుందోనన్న భయం ఉంది, చుట్ట మీద యావ ఉంది. ఎక్కడో ఒక చోట మెత్తబడేది. ఈ ఫోనులో కూర్చున్నదానికి అవేమీ లేవు. దాని ముందు పిల్లవాణ్ని జడలతో నిలబెట్టినా ధర తగ్గదు. పైగా నాలుగుసార్లు చూశామంటే, వీళ్లకు బాగా అవసరమున్నట్టుందని ఇంకో నాలుగు వందలు పెంచుతుందేమోనని నా అనుమానం. అది నిజం కాదంటాడు మా అబ్బాయి. కావచ్చు. పోట్లాడటానికి ఒక ముఖం కూడా లేకపోవడమే నాకు ఎక్కువ కష్టంగా ఉంది.

నిన్న సాయంత్రం లావణ్య చపాతీ పిండి కలుపుతూ, చేతులు ఖాళీ లేక ఫోను స్పీకరులో పెట్టి వాళ్లమ్మతో మాట్లాడింది. నేను పక్కనే వెల్లుల్లి ఒలుస్తున్నాను. వాళ్లమ్మ అంగన్‌వాడీలో పనిచేసి మానేసింది, తన చెల్లెలి కుటుంబంతో కలిసి ఉంటుంది. గట్టి మనిషి, గొంతు కూడా గట్టిదే.

"అమ్మా, ఈసారి కుదిరేట్టు లేదు," అంది లావణ్య. "పిల్లలకు ఏవో సమ్మర్ క్లాసులు పెట్టారు. మానిపిస్తే ఊరుకునేట్టు లేరు."

క్లాసులూ లేవు, ఏమీ లేవు. నేను తలెత్తలేదు.

"పోనీలే పాపా," అంది వాళ్లమ్మ వెంటనే. "నేనే చెప్దామనుకుంటా ఉండా. ఈడ ఎండలు జాస్తిగా ఉండాయి. పిల్లోళ్లు తట్టుకోలేరు. నాకూ ఒంట్లో అంత బాగలేదు, వచ్చినా చేసి పెట్టలేను. దసరాకు వద్దురులే."

ఇద్దరూ ఒకరికొకరు ఊరట చెప్పుకున్నారు. ఆవకాయ పెట్టావా అంటే పెట్టానంది. మోకాలు ఎట్లా ఉందంటే బాగానే ఉందంది, ఒంట్లో బాగలేదని ఒక్క నిమిషం కిందటే అన్న సంగతి మరిచిపోయి. అంతలో ఫోనులోంచి, కొంచెం దూరంగా, ఎవరో మగమనిషి గొంతు వినిపించింది.

"అమ్మా, మిద్దె మీద ఖమ్మం పిల్లోళ్ల రూముకు ఏ రంగు ఎయ్యాల? డబ్బా తెరస్తా ఉండా."

ఇక్కడ లావణ్య చేతులు పిండిలోనే ఆగిపోయాయి. నేను వెల్లుల్లి పొట్టు వైపు చూస్తూ కూర్చున్నాను. ఆ పెయింటరు మళ్లీ అడిగాడు.

లావణ్య చేతులు కడుక్కోలేదు. పిండి వేళ్లతోనే స్పీకరు ఆపి, ఫోను చెవికి పెట్టుకుని, గోడ వైపు తిరిగింది.

"నీలం వేయించమ్మా," అంది. "చిన్నోడికి నీలమంటే ఇష్టం."